వదులు ముడి

నాకు కోపం ఎక్కువని మా డిపోలో కొత్తగా చేరినవాళ్లకు ముందే చెప్పి పెడతారు. టీ ఎక్కడ బాగుంటుంది, ఏ బస్సు చలికాలంలో మొరాయిస్తుంది, ఏ కండక్టరమ్మతో జాగ్రత్తగా మాట్లాడాలి, ఈ మూడు తెలిస్తే చాలు, మిగతా పని దానంతట అదే వస్తుందని వాళ్ల లెక్క. నేను విననట్టే ఉంటాను. ఒకప్పుడైతే వెనక్కి తిరిగి, ఎవరా మాట అన్నది అని నిలదీసేదాన్ని. ఇప్పుడు అంత ఓపిక లేదు.

నేనూ అమ్మా వనపర్తిలో ఉంటాం. తెల్లవారుతూనే బస్సెక్కి డ్యూటీ మీద గద్వాలకు వెళ్తాను. అక్కడి నుంచి అదే బస్సు ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, మళ్లీ వనపర్తి, గోపాల్‌పేట దాటుకుంటూ నాగర్‌కర్నూలుకు పోతుంది. తర్వాత వెనక్కి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి ఈ దారిలో బస్సు ఖాళీగా పోవడం నేను చూడలేదు. ఉచితం తప్పని నేను అనను. పెళ్లయ్యాక తల్లిగారింటి గడప పండగకు తప్ప తొక్కని ఆడవాళ్లు ఇప్పుడు ఊరికే ఒక పూట పోయి వస్తున్నారు. ఆ సంగతి నాకు సంతోషమే. కానీ ముగ్గురి సీటులో ఐదుగురు కూర్చున్నప్పుడు, వాళ్ల మోకాళ్ల మధ్య నుంచి టికెట్ మిషన్ పైకెత్తి పట్టుకొని నడుస్తున్నప్పుడు, నా ఒంట్లో మంచితనం మిగలదు.

మా స్టాండ్లలో సీటు ఆపుకునే పద్ధతి ఒకటుంది. బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి తిరుగుతుండగానే కిటికీల్లోంచి టవళ్లు, చున్నీలు, సంచులు వచ్చి సీట్లలో పడతాయి. టవల్ పడిన సీటు టవల్ వేసినవాళ్లది. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు గానీ, రూలు పుస్తకాన్ని ఎవరూ ఇంత నిష్ఠగా పాటించరు. ఒకే సీటులో రెండు టవళ్లు పడినప్పుడే తంటా. ఒకసారి గద్వాలలో ఒకామె చేతికి ఏదీ దొరక్క చంటిపిల్లనే కిటికీలోంచి లోపలికి అందించింది. అందుకున్నది నేను. తల్లి మెట్లెక్కి వచ్చేదాకా ఒక చేత్తో పిల్లను ఎత్తుకొని, రెండో చేయి సీటు మీద పెట్టి కాపలా కాశాను. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

నా మీద అప్పటికే రెండు ఫిర్యాదులు ఉన్నాయి. మొదటిది, ఎదుటి సీటు మీద బూటు కాళ్లు చాపిన ఒక పెద్దమనిషిని నేను అన్న మాట. ఆ మాట ఇక్కడ రాయను. రెండోది టవళ్ల గురించే. ఇద్దరి మధ్య పంచాయితీ చెప్పలేక విసుగెత్తి రెండు టవళ్లనూ ఉండచుట్టి బయటికి విసిరేశాను. అందులో ఒకటి చావింటికి పోతున్న మనిషిదని తర్వాత తెలిసింది. మా మేనేజరు సారు చెడ్డవాడు కాదు. “అమ్మా, ఇంకొకటి వస్తే నా చేతిల ఉండదు. దూరం డిపోకు వేస్తరు. జర చూసుకో,” అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన మెల్లగా చెప్పేసరికి ఏం చేయాలో తోచక బయటికి వచ్చాను.

దూరం డిపో అంటే నాకు భయం లేదు. ఎక్కడైనా అవే బస్సులు, అవే టవళ్లు. భయమంతా అమ్మ గురించే. మా అమ్మ పుట్టింది తిమ్మాజిపేట దగ్గర, బతికింది మాత్రం ఊళ్లు పట్టుకొని తిరుగుతూ. కాలువ తవ్వే చోట, రోడ్డు పోసే చోట, డ్యాం కట్టే చోట, మేస్త్రీ ఎక్కడికంటే అక్కడికి మూట కట్టుకొని పోవడమే. నేను ఏ రాష్ట్రంలో నడక నేర్చానో ఆమెకే సరిగా గుర్తులేదు. నాకు ఉద్యోగం వచ్చి వనపర్తిలో ఈ రెండు గదుల ఇల్లు కుదిరిన రోజున ఆమె గుమ్మంలో కూర్చొని, “ఇగ నేను మూట కట్ట. ఇగ ఎవరన్న నన్నే మూటకట్టి తీస్కపోవాలె,” అంది. ఇప్పుడు ఆమెకు చూపు బాగా మందగించింది. ఈ ఇంట్లో గోడలు తడుముకోకుండా తిరుగుతుంది. చర్చికి దారి అడుగుల గుర్తుతోనే పోతుంది. కొత్త ఊరిలో ఆమెకు మంచం తప్ప ఇంకేమీ మిగలదు. నా మూడో ఫిర్యాదు అంటే ఆమె మూట.

మూట కట్టడంలో ఆమెకో నియమం ఉంది. ముడి ఒక్క చేత్తో ఇప్పేటట్టు ఉండాలి. రెండో చేతిలో పిల్ల ఉంటుంది గదా అంటుంది. నేను వేసే ముళ్లు ఆమెకు చిన్నప్పటి నుంచీ నచ్చవు. ఉల్లిగడ్డల సంచికైనా సరే, పళ్లు బిగబట్టి లాగి వేస్తాను. “నువ్వు ముడేస్తె కత్తెర తేవాల్సిందే. ఆ సంచి నీకేం జేసిందే?” అని వెక్కిరిస్తుంది.

మేనేజరు హెచ్చరించిన వారంలోనే కళ్లు తిరిగి దవాఖానకు పోతే, డాక్టరు బీపీ చూసి నన్ను ఇంకోసారి కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. మాత్రలు రాసి, కోపం తగ్గించుకోమన్నాడు. మాత్ర ఏ షాపులో దొరుకుతుందో చెప్పాడు గానీ రెండోది ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. అది మా వెనక గల్లీలోనే దొరికింది. అక్కడ రిటైరైన నర్సు ఒకామె ఉంది. అందరూ సిస్టరమ్మ అంటారు. ఆమె ఎప్పుడో బౌద్ధం తీసుకుంది. ముందు గదిలో చిన్న బుద్ధుని బొమ్మ, ఒక చాప, ఆదివారం పొద్దున వచ్చి కూర్చునే నలుగురైదుగురు ఆడవాళ్లు. అంతకుమించి ఏమీ లేదు. నేను పోతానంటే అమ్మ మూతి విరిచింది.

“యేసయ్యకాడ సెలవు పెట్టి బుద్ధునికాడ డ్యూటీకి ఎక్కినవా? ఆయన జీతమేమన్న ఎక్కువిస్తున్నడా?”

సిస్టరమ్మ మొదటి రోజు నాకు చెప్పింది కొంచెమే. “కోపం రావద్దని కూసోకు. వస్తది. వచ్చినప్పుడు యాడుందో సూడు. ఛాతిలనా, దవడలనా, చేతులల్లనా? జరమొచ్చినోన్ని కొడ్తమా, తిడ్తమా? ఎంతుందో సూస్తం. గట్లనే సూడు. ఊపిరి తీస్కుంట సూడు, ఇడుసుకుంట సూడు.” మరో వారం ఇంకో మాట చెప్పింది. “ఎదుటి మనిషి నీ ముంగట నిలవడకముందు యాడ నిలవడి వచ్చిందో ఒక్కసారి మతికి తెచ్చుకో. తెల్వకుంటె, తెల్వదని మతికి తెచ్చుకో. కరుణ అంటె గంతే, పెద్దదేం గాదు.”

నేను కళ్లు మూసుకొని కూర్చుంటే ఊపిరి కనబడేది కాదు, గద్వాల స్టాండు కనబడేది. మోకాళ్లు నొప్పి పుట్టేవి. సిస్టరమ్మ మాత్రం శాంతంగా కూర్చునేది. ఆమెకు కోపమనేదే రాదేమో అనుకున్నాను. ఒక ఆదివారం ఆమె పెరట్లోకి కోతుల మంద దిగింది. బొప్పాయి చెట్టు మీద చప్పుడు వినబడగానే ఆమె ఒక్క ఉదుటున లేచి, కట్టె అందుకొని, వాటి తల్లులనూ తాతలనూ తలుచుకుంటూ పెరడంతా తరిమింది. దవాఖానలో నేర్చినవో ఏమో, నాకు కూడా తెలియని తిట్లున్నాయి అందులో. తర్వాత కొంగుతో చెమట తుడుచుకొని వచ్చి మళ్లీ చాప మీద కూర్చుంది. “ఇగో, ఇది గూడ సూసిన్రు గద. ఇప్పుడు ఊపిరి సూడుండ్రి,” అంది. ఆ రోజు నుంచి నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

బస్సులో కళ్లు మూసుకొని కూర్చునే వీలు కండక్టరుకు ఎక్కడిది? నాకు దొరికిన చోటు ఒక్కటే, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది బ్రిడ్జి. బస్సు దాని మీదికి ఎక్కగానే ఎంత గొడవలో ఉన్నవాళ్లైనా మాట ఆపేస్తారు. ఒడ్డున ఉన్న హనుమంతుని గుడి వైపు, నీళ్ల వైపు దండం పెడతారు. కిటికీ దగ్గరివాళ్లు రూపాయి బిళ్లలు నదిలోకి విసురుతారు. లోపలి సీట్లవాళ్లు బిళ్లలు వాళ్ల చేతికి అందిస్తారు. అప్పటిదాకా కొట్లాడుకున్న ఇద్దరు ఒకరి బిళ్ల ఒకరు తీసుకొని విసరడం చూశాను. ఆ కాస్త దూరం నన్ను ఎవరూ ఏమీ అడగరు. పై కడ్డీ పట్టుకొని నిలబడి, ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం చూసేదాన్ని. బ్రిడ్జి దిగగానే మళ్లీ అందరికీ నోళ్లు వచ్చేవి.

దీనితో నేను మారిపోయానని చెప్పను. కొద్దిగా తగ్గింది. తగ్గాక తెలిసిన సంగతి మాత్రం నాకు నచ్చలేదు. ఇన్నేళ్లూ నన్ను నడిపింది కోపమే. పొద్దున మంచం మీంచి లేపిందీ, ఈ గుంపులోంచి ముందుకు తోసిందీ అదే. దాన్ని కాస్త పక్కకు జరిపి చూస్తే కింద ఉన్నదంతా అలసట. ఎప్పటిదో తెలియని అలసట. ఒకనాడు నాగర్‌కర్నూలులో అందరూ దిగిపోయాక ఖాళీ బస్సులో కూర్చొని ఏడ్చాను. డ్రైవరన్న కంగారుపడి సోడా తెచ్చాడు. “ఎవరేమన్నరక్కా? చెప్పు, ఆపి అడుగుదాం,” అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదని చెబితే ఆయనకు ఇంకా భయమేసింది. సిస్టరమ్మకు చెబితే, అలసిపోయినవని తెలిసింది గదా, అది నిజమే గదా అంది. నిజమైతే నాకేం ఒరిగిందని విసుక్కున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఎండలు ముదిరే రోజుల్లో జరిగింది. గద్వాల స్టాండులో బస్సు నిండింది. టవళ్లు పడ్డాయి, తగువులు తీరాయి, బస్సు కదిలింది. మధ్య సీటులో ఒక ముసలామె, నా కన్నా పదేళ్లు పెద్దదేమో, కాళ్ల దగ్గర పెద్ద మూట పెట్టుకొని కూర్చుంది. చీర నలిగి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడికని అడిగితే నాగర్‌కర్నూలని చెప్పి గుర్తింపు కార్డు చేతికిచ్చింది. కార్డు మీద అక్షరాలు మరాఠీలో ఉన్నాయి. కింద పుణె చిరునామా. ఉచిత టికెట్టు, మేం జీరో టికెట్టు అంటాం, అది ఈ రాష్ట్రం చిరునామా ఉన్న కార్డుకే కొట్టాలి.

“అమ్మా, ఇది ఇక్కడి కార్డు కాదు. పైసల టికెట్టు తీసుకోవాలె,” అన్నాను.

“ఇక్కడిది కాదంటే ఏంది? నేను ఇక్కడిదాన్నే.”

“నువ్వు ఇక్కడిదానివే కావచ్చు. కార్డు కాదు.”

“బస్సు నేను ఎక్కిననా, కార్డు ఎక్కిందా?”

బస్సంతా నవ్వింది. వెనక నుంచి ఒకామె, “అడుగమ్మా గట్ల,” అని ఎగదోసింది. ముందు సీటాయన, “రూలు లేకుంటె దించుండ్రి మేడం, మాకు లేటయితుంది,” అన్నాడు. ముసలామె నవ్వలేదు. ఆమె గొంతు పెంచింది, నేనూ పెంచాను. మా పాలమూరులో ఇలాంటి కార్డులు చాలా ఉన్నాయి. పనికి పోయిన చోట రేషనుకో, పిల్లల బడికో మేస్త్రీ చెప్పిన చిరునామా మీద చేయించుకుంటారు. తిరిగి వచ్చాక మార్పించుకోవాలని ఎవరికీ తట్టదు. సొంత ఊరికి రావడానికి కాగితం కావాలని ఎవరు అనుకుంటారు? ఇదంతా నాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం ఎదురు చెబుతున్న ఒక మనిషి తప్ప నాకేమీ కనబడలేదు.

ఎర్రవల్లి చౌరస్తాలో ఎక్కేవాళ్లకు టికెట్లు కొట్టి మళ్లీ ఆమె దగ్గరికి వచ్చాను. దారిలో సిస్టరమ్మ చెప్పిన కరుణ గుర్తొచ్చింది. దాన్ని వెంటనే వాడేద్దామనుకున్నాను. “సరే అమ్మా, గొడవ వద్దు. నీ టికెట్టు పైసలు నేనే కడ్త,” అన్నాను. నలుగురూ వినేటట్టు అన్నాను కూడా. నా మంచితనం నాకు ముద్దొచ్చింది.

ఆమె నా చేతిని తోసేసింది. “నేనేమన్న అడుక్కతినేదాని లెక్క కనవడ్తున్ననా? పుట్టినకాడ అడుక్కోనీకి రాలే నేను. నీ పైసలు నీకాడనే పెట్టుకో.”

అప్పుడు వచ్చింది అసలు కోపం. మేలు చేయబోతే చేయి తోస్తుందా అనే కోపం మామూలు కోపం కన్నా చెడ్డది. యాడుందో సూడు అన్నది గుర్తొచ్చి చూశాను. దవడలో ఉంది, మిషన్ పట్టుకున్న వేళ్లలో ఉంది, చెవుల్లో మోత ఉంది. చూస్తే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఒక్క కేకేస్తే డ్రైవరన్న బండి పక్కకు ఆపేస్తాడు. ఆమెనూ మూటనూ ఎండలో దించేయొచ్చు. రూలు నా వైపే ఉంది. ఆ కేక నా గొంతు దాకా వచ్చింది. ఫిర్యాదు గుర్తుంది, అమ్మ గుర్తుంది, అయినా వచ్చింది.

అంతలో బస్సు బ్రిడ్జి మీదికి ఎక్కింది. అలవాటుగా అందరూ ఊరుకున్నారు. అలవాటుగా నేనూ ఊరుకున్నాను. నీళ్లు సన్నబడి బండలు తేలి ఉన్నాయి. బిళ్లలు చేతులు మారుతున్నాయి. ముసలామె కిటికీ వైపు మెడ చాపింది. ఆమె దగ్గర బిళ్ల లేదు. రెండు చేతులూ జోడించి, పక్కనే నిలబడిన నాకు మాత్రమే వినబడేంత మెల్లగా, “కిష్ణమ్మా, నేను వచ్చిన,” అంది.

మా అమ్మ కూడా ప్రతి ఏడూ పని నుంచి తిరిగొచ్చేటప్పుడు లారీ మీద కూర్చొని ఇదే బ్రిడ్జి మీద ఇదే మాట అనేది. నా తల వంచి దండం పెట్టించేది. ఈమె ఎక్కడెక్కడ నిలబడి వచ్చిందో నాకు తెలియదు. తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. కోపం పోయిందని కాదు, దవడ ఇంకా నొప్పిగానే ఉంది. కానీ కేక వేసే పని లేకుండా పోయింది.

బ్రిడ్జి దిగాక ఆమె సీటు పక్కన, సందులో, సంచుల మధ్య ఒదిగి కూర్చున్నాను. కూర్చుంటే కాళ్లకు కూడా హాయిగా ఉంది.

“ఏ ఊరమ్మా మీది?” అని అడిగాను.

ఆమె మూటను దగ్గరికి లాక్కుంది. నేను మళ్లీ కొట్లాటకు వచ్చానేమో అనుకుంది. తర్వాత చెప్పింది.

“బల్మూరు అవుతల. మా అక్క పడకల వడ్డది. కండ్లు తెరుస్తలేదంట. రాత్రంత రైళ్ల నిలవడే వచ్చిన. పెండ్లయిన ఏడే పోయినం పుణెకు, బిల్డింగు పనికి. పిల్లలను బడిల ఏయనీకి మేస్త్రీ కార్డు చేపిచ్చిండు. గప్పుడు గది మంచిగనే అనిపిచ్చింది. ఇప్పుడు సూడు, పొద్దుగాల స్టేషన్‌కాడ ఆటోవాడు సుత నాతోని హిందీలనే మాట్లాడిండు. నేను తెలుగుల అడుగుతుంటె వాడు హిందీల చెప్పవట్టిండు.”

“అక్క పెద్దదా?”

“పెద్దది. నన్ను సాదిందే ఆమె. నేను పోయేసరికి ఉంటదో ఉండదో.”

ఇద్దరం ఎదుటి సీటు వీపు చూస్తూ కూర్చున్నాం. టికెట్టు సంగతి నేను మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను టికెట్టు మర్చిపోయి కూర్చోవడం అదే మొదలు.

పెబ్బేరు మలుపులో చేయెత్తి బస్సు ఆపారు. చెకింగ్. ఇద్దరు ఎక్కారు, ఒకాయన ముందు నుంచి, ఒకాయన వెనక నుంచి. ముందు నుంచి వచ్చినాయన ముసలామె దగ్గర ఆగి టికెట్టు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఇలాంటప్పుడు జరిగేది రెండే. అడిగినా ఇవ్వలేదని నేను చెబితే జరిమానా ఆమె మీద పడుతుంది. నేను అడగలేదంటే కేసు నా మీద పడుతుంది. అడిగానన్నది నిజం. బస్సు నిండా సాక్షులున్నారు. ఆ ఒక్క మాట చెబితే అమ్మ ఇల్లు అమ్మకు ఉంటుంది.

“నేనింకా ఆమె దాకా రాలేదు సార్,” అన్నాను.

ఎందుకన్నానో ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. ముసలామె మూట పట్టుకొని లేచి నిలబడింది.

“అబద్ధం చెప్తుంది సారూ. గద్వాలలనే అడిగింది. నేనే ఇయ్యలే. ఏం రాసుకుంటరో నా మీద రాసుకోండ్రి.”

“లేదు సార్. నేనే మర్చిపోయి కూర్చున్న.”

డ్రైవరన్న వెనక్కి తిరిగి, “సార్, గింతకుముందు ఈళ్లిద్దరు జుట్లు పట్టుకునేటట్టుండ్రి. ఇప్పుడు నా తప్పంటే నా తప్పని కొట్లాడుతుండ్రు,” అన్నాడు. మళ్లీ బస్సంతా నవ్వింది. చెకింగ్ ఆయన నవ్వలేదు. చెట్టు కూడా లేని మలుపులో పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన ఆమె కార్డు చూశాడు, మూట చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. “మీరు ఒప్పుకుంటున్నరు కాబట్టి మీ మీదనే రాస్త మేడం,” అన్నాడు. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన కూడా ఇంటికి పోయి మంచం మీద పడాలనుకుంటున్న మనిషిలాగే కనబడ్డాడు.

వాళ్లు దిగిపోయాక ముసలామె కొంగు చివరి ముడి ఇప్పబోయింది. రైలులో దొంగల భయానికి బిగించి కట్టిందట. సిమెంటుకు పగిలిన వేళ్లు, ముడి లొంగలేదు. నేను తీసుకొని, గోళ్లతో కాక పళ్లతో లాగి ఇప్పాను. ఆమె డబ్బులిచ్చింది, నేను టికెట్టు కొట్టిచ్చాను. ఆమె దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసింది.

“ఇది పైసల టికెట్టే గద?”

“అవునమ్మా.”

“మంచిది,” అని రవికలో దాచుకుంది.

నాగర్‌కర్నూలులో ఆమె మూటను నేనే ఎత్తి తల మీద పెట్టాను. అచ్చంపేట బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాను. ఆమె రెండడుగులు వేసి ఆగింది. “పొద్దటి సంది అందరు కార్డే అడిగిన్రు బిడ్డా. ఊరు నువ్వొక్కదానివే అడిగినవు,” అని చెప్పి బస్సు కోసం ఉరికింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. మేనేజరు సారు పిలిచి, “అరిచినవంటే నమ్ముదును గని నువ్వు టికెట్టు మర్చిపోయినవంటే ఎట్ల నమ్మాలె?” అన్నాడు. ఆయనకు నిజం తెలిసినట్టే ఉంది. అయినా కాగితం పైకి పోయింది. దూరం డిపోకు బదిలీ వచ్చింది. ఆ మాట విన్న రోజు నేను తిన్నగా సిస్టరమ్మ ఇంటికి పోయి, మీ ధ్యానం నా కొంప ముంచిందని గట్టిగానే అన్నాను. కోపంతోనే ఉన్నప్పుడు ఏ చెకింగుకూ దొరకలేదు, ఊపిరి చూడటం మొదలుపెట్టాకే దొరికానన్నాను. ఆమె అంతా విని టీ పెట్టింది.

“అబద్ధమాడొద్దని గూడ బుద్ధుడు చెప్పిండు, తెల్సా?” అంది.

“కోపం పాఠమే ఇంకా కాలేదు సిస్టరమ్మా. అబద్ధం పాఠం దాకా నేను రాలే.”

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. టీ చల్లారకముందే తాగమని గ్లాసు చేతిలో పెట్టింది. నేను చేసింది మంచో చెడో ఆమె చెప్పలేదు. నాకూ ఇప్పటికీ తెలియదు. ఒక తల్లిని కాపాడబోయి ఇంకో తల్లి ఇల్లు తీసేశానేమో అనిపిస్తుంది.

అమ్మకు చెప్పడానికి చాలా రోజులు తాత్సారం చేశాను. చివరికి ఒక సెలవు రోజు పొద్దున, ఆమె ఎండలో పీట వేసుకొని కూర్చొని ఉండగా చెప్పేశాను. బస్సు, కార్డు, కిష్ణమ్మకు దండం, చెకింగ్, బదిలీ, అన్నీ వరుసగా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె బదిలీ గురించి ఏమీ అడగలేదు.

“ఆమె పోయేసరికి వాళ్లక్క ఉండెనా?”

“తెల్వదమ్మా.”

“తెల్వదా?”

“తెల్వదు. ఎట్ల తెలుస్తది?”

ఎండ పీట మీంచి పక్కకు జరిగింది. అమ్మ లేచి, అలవాటైన అడుగులతో లోపలికి పోయి, పెట్టెలోంచి పాత చీర ఒకటి తీసి నేల మీద పరిచింది. తన దుప్పటి, రెండు చీరలు, బైబిలు, పనిచేయని కళ్లద్దాలు, ఒకటొకటి తడిమి చూసి అందులో పెట్టింది. నేను వంగి చీర కొసలు అందుకోబోతే చేయి మీద కొట్టింది.

“నువ్వు ముట్టకు. కోపంల గుంజి బిగిస్తవ్. ఆడికి పోయినంక ఎవరు ఇప్పాలె?”

“నాకిప్పుడు కోపమేం లేదమ్మా.”

“ఉంటె ఉండనీ. మూట మాత్రం నేనే కడ్త.”

నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి, చూపుతో పని లేకుండా, వేళ్లతోనే ముడి వేసింది. ఎన్ని ఊళ్లకు వేసిన ముడో అది. వేశాక, “ఇప్పి సూడు. ఒక్క చేత్తోనే,” అంది. నేను కింద కూర్చొని కొస పట్టుకొని మెల్లగా లాగాను. ముడి వదులై మూట విచ్చుకుంది. నా రెండో చేయి అమ్మ పట్టుకొని ఉంది.